పనిలేని శనివారం

నాకు అనుమానం పుట్టుకతోనే ఉంది. కూరగాయల బండి దగ్గర తక్కెడ అడుగున చెయ్యి పెట్టి చూస్తాను. పిల్లలు హోంవర్కు మరీ బాగా చేసుకొస్తే, వెనకాల ఎవరున్నారో ఆరా తీస్తాను. మా ఆయన హెన్రీ రోజూ తాడేపల్లిగూడెం నుంచి పాసింజరులో వస్తారు. పావుగంట ఆలస్యమైతే బండి లేటా, మనిషి లేటా అని అడిగిన రోజులు కూడా ఉన్నాయి. లెక్కల టీచర్ని కదా, మధ్యలో మెట్లు చూపించకుండా జవాబు రాస్తే మార్కులు వెయ్యను. ఈ గుణం నాకు చాలా ఏళ్ళు బాగానే పనికొచ్చింది. రెండువేల ఆరు ఎండాకాలంలో మాత్రం దానివల్ల ఒక మనిషి దేశం వదిలి వెళ్ళాల్సి వచ్చింది.

ఆ మనిషి పేరు కైసా. ఏలూరులో మా ఆడపిల్లల హైస్కూలుకి ఇంగ్లీషు మాట్లాడటం నేర్పడానికి ఫిన్లాండు నుంచి వచ్చింది. నలభై దాటిన మనిషి, మా గుమ్మానికి తల తగిలేంత పొడుగు. హెడ్‌మిస్ట్రెస్ ప్రభావతిగారు నన్ను పిలిచి, "ఎలిజబెత్, మీ మేడమీద గది ఖాళీయే కదమ్మా" అన్నారు. కాదనే ధైర్యం మా బడిలో ఎవరికీ లేదు. అలా మా ఇంటికి చేరింది. వచ్చిన రోజే నా పేరు విని నవ్వి, "మా దేశంలో ఎలిజబెత్‌ని లీసా అంటాం" అంది. ఆ రోజు నుంచి నేను ఆవిడకు లీసానే.

తెలుగు నేర్చుకుంటానని పట్టుబట్టింది. మాకు ఇక్కడ ఏ మాటకైనా చివర 'అండీ' ఉండాలి కదా, అది ఒక్కటి గట్టిగా పట్టేసింది. మా వీధి కుక్కని కూడా "వెళ్ళండి, వెళ్ళండి" అని అదిలించేది. పొద్దున్నే లేచి కాఫీ కాచి, నాకో గ్లాసు తెచ్చి ఇచ్చి, నా పక్కన మెట్ల మీద కూర్చుని మాట్లాడకుండా తాగేది. జనవరిలో నాకు టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు మంచాన పడితే, నా క్లాసులన్నీ తనే తీసుకుంది. లెక్కలు కూడా. పిల్లలకి ఆ మూడు వారాలూ పండగే. నాకు చిన్నప్పటి నుంచి స్నేహితులు తక్కువ, నా నోరు అలాంటిది. కైసా ఉన్న ఏడాదీ నాకూ ఒకరున్నారని అనిపించేది.

ఆవిడ వీసా ఏడాదికోసారి పొడిగించుకోవాలి. జూన్‌లో గడువు. దానికి విచారణకొచ్చే పోలీసులకి ఇల్లు ఇచ్చినవాళ్ళు మంచిమాట చెప్పాలి, అంటే మేము.

ఇంతకీ గొడవంతా శని, ఆదివారాలతో వచ్చింది. మాకు శనివారమంటే బట్టలు, పిండి రుబ్బుకోవడం, టెస్టు పేపర్లు దిద్దడం. ఆదివారమంటే గుడి, తర్వాత చుట్టాలు, ఆ తర్వాత స్త్రీల సమాజం. కైసా అలా కాదు. వాళ్ళ దేశంలో శుక్రవారం బడి గంట కొట్టగానే అందరూ సరస్సు ఒడ్డున ఉన్న చిన్న చిన్న చెక్క ఇళ్ళకి వెళ్ళిపోతారట.

"అక్కడ ఏం చేస్తారు?" అని అడిగాను.

"ఏమీ చెయ్యం."

"అంటే, చేపలు పడతారా?"

"ఒక్కోసారి. ఎక్కువగా ఊరికే కూర్చుంటాం."

నాకు నమ్మకం కుదరలేదు. అయినా సరస్సు అన్నది కదా అని ఒక శనివారం మా అమ్మ యేసమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. కైకలూరు దాకా బస్సు, అక్కణ్ణుంచి మండవల్లి వైపు ఆటో, ఆపైన గట్టు వెంబడి నడక. ఊరు దాటితే కొల్లేరే. కైసా గట్టు మీద కూర్చుని గంటసేపు నీళ్ళకేసి చూసి, "లీసా, వచ్చే వారం కూడా రావచ్చా?" అంది. ఆ తర్వాత ఒక్క వారం తప్పలేదు. నాకు వీలుంటే నేనూ వెళ్ళేదాన్ని, లేకపోతే ఒక్కతే వెళ్ళి, శనివారం రాత్రి అమ్మ దగ్గరే పడుకుని ఆదివారం వచ్చేది.

మా అమ్మకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు అంతంతమాత్రం. అయినా ఇద్దరూ అరుగు మీద కూర్చుని రొయ్యలు ఒలుస్తూ ఏవో చెప్పుకుని విరగబడి నవ్వేవారు. పక్కింటి గంగారత్నం తన తాటిదోనె ఇచ్చి, గడకర్ర వెయ్యడం నేర్పింది. చిన్నప్పుడు నేను దోనె ఎక్కుతానంటే వద్దని చెవి మెలేసిన మా అమ్మ, అరవై అయిదేళ్ళ వయసులో కైసా ఎదురుగా దోనెలో కూర్చుని కిక్కిస గడ్డిలోకి షికారు వెళ్ళేది. నాకు ఒళ్ళు మండేదని ఇప్పుడు ఒప్పుకుంటాను. మా అమ్మ నాతో అలా ఎప్పుడూ నవ్వలేదు.

ఆ ఏడాది కొల్లేటి ఊళ్ళలో ఎవరి నోట విన్నా అయిదో కాంటూరు మాటే. సరస్సు నీళ్ళు ఎంత ఎత్తుదాకా రావాలో చూసి సర్కారు గీసిన గీత అది. ఆ గీతకి లోపలున్న చేపల చెరువుల గట్లన్నీ కొట్టేస్తారని పేపర్లో రోజూ వచ్చేది. మా పేట వాళ్ళందరికీ కలిపి ఒక సొసైటీ చెరువుంది. మా తమ్ముడు చిట్టిబాబు దాని మీద కాపలా ఉండి, మేత వేసి, అందులోనే కుటుంబాన్ని నెట్టుకొస్తున్నాడు. ఫిబ్రవరిలో సర్వేవాళ్ళు వచ్చి కర్రలకి ఎర్రగుడ్డలు కట్టి గట్ల వెంట పాతి వెళ్ళారు. అప్పట్నుంచి ఊళ్ళో ఎవరికీ కంటి మీద కునుకు లేదు. కొత్త మనిషి కనిపిస్తే చాలు, ఎవరి తాలూకా అని అడిగేవారు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి చిట్టిబాబు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చూపులు వేరేగా ఉన్నాయి.

"అక్కా, ఆ కైసమ్మ గారు ఎవరి మనిషి?"

"ఎవరి మనిషేంట్రా? మా బడి మనిషి."

"బడి మనిషికి కొల్లేట్లో ఏం పని? పనిలేకుండా ఎవరైనా వారం వారం ఇంత దూరం వస్తారా? చేప పట్టదు, పిట్టని కొట్టదు. పోనీ ఫొటో అయినా తియ్యదు. తీస్తే ఫొటోల కోసం వచ్చిందిలే అనుకోవచ్చు."

"కూర్చోడానికి వస్తుందట."

"ఏలూర్లో కుర్చీల్లేవా?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "నిన్న కర్రలు పాతింది అక్కా. వెదురుకర్రలు. ఎర్రగుడ్డ కట్టి మరీ. నేను కళ్ళారా చూశాను."

సర్వేవాళ్ళ కర్రలే గుర్తొచ్చాయి. తిరుగు బస్సులో కైసాని అడిగాను. ఆవిడ కిటికీలోంచి చూస్తూ నవ్వింది. "ఇప్పుడు చెప్పను. జూన్‌లో చెప్తాను."

ఆ తర్వాతి వారం అమ్మని అడిగాను. "నాకేం తెలుసే" అని పొయ్యి వైపు తిరిగిపోయింది. మా అమ్మ కడుపులో మాట దాగదు. ఊరందరి విషయాలూ ఊరందరికీ మోసే మనిషి. ఆవిడ కూడా ముసిముసిగా నవ్వుతూ దాస్తోందంటే, ఈ దేశంకాని దేశం మనిషి మా అమ్మని కూడా ఏదో చెప్పి లొంగదీసిందని నిశ్చయించుకున్నాను.

మే మొదట్లో, బడి సెలవులైనా కైసా పదో తరగతి పిల్లలకి పొద్దుటి క్లాసులు చెబుతుండేది. అలా వెళ్ళిన ఒక రోజు నేను మేడమీదికి వెళ్ళి ఆవిడ గది వెతికాను. తుడవడానికి వెళ్ళానని చెప్పను, చీపురు కూడా పట్టుకెళ్ళలేదు. బల్ల మీద పుస్తకం కింద పెన్సిలుతో గీసిన పటం ఒకటి దొరికింది. మా ఊరు, గట్టు, కాలువ, గడ్డి, వాటి మీద వరుసగా ఇంటూ గుర్తులు. చివరి గుర్తు పక్కన వాళ్ళ భాషలో ఏదో రాసి, కింద 'లీసా' అని నా పేరు, ఇరవైనాలుగు, ఆరు అని తేదీ. పటం ఎక్కడిదక్కడ పెట్టేశాను. రేపు గట్లు కొట్టేస్తే ఎవరు చూపించారంటే నా పేరు చెప్తుందా? మా ఊళ్ళో నా తల్లీ తమ్ముడూ బతకాలి కదా?

రాత్రి భోజనాల దగ్గర హెన్రీకి చెప్పాను. ఆయన అన్నం కలుపుకుంటూ, "ఆవిణ్ణే అడిగెయ్యొచ్చు కదా" అన్నారు.

"గది వెతికానని చెప్పి అడగనా?"

"వెతక్కుండా ఉంటే ఆ ఇబ్బంది ఉండేది కాదు" అన్నారు. ఆయన ధోరణే అంత.

మే నెల మధ్యలో పోలీసు స్టేషను నుంచి వీసా విచారణకి హెడ్డు కానిస్టేబులుగారు ఫైలు పట్టుకుని వచ్చారు. చెమటలు కక్కుతున్నారు పాపం, మజ్జిగ ఇచ్చాను. ఎంతో మర్యాదస్తుడు. కాగితంలో ఉన్న ప్రశ్నలు ఒకటొకటే చదివారు.

"ఎవరైనా కొత్తవాళ్ళు వస్తుంటారాండీ ఆవిడ కోసం?"

"లేదండి."

"మతప్రచారం గట్రా?"

"ఆవిడ గుడికే సరిగ్గా రారండి."

ఆయన నవ్వి ఇంకో గీత కొట్టారు. "మరి శని, ఆదివారాలు ఏం చేస్తారండీ?"

మా అమ్మ దగ్గరికి వెళ్తారండి అంటే సరిపోయేది. అది అబద్ధం కూడా కాదు. నేను అలా అనలేదు.

"కొల్లేరు వెళ్ళి చెరువుల దగ్గర ఎర్రగుడ్డలు కట్టి కర్రలు పాతుతారండి."

ఆయన కలం ఆగింది. "దేనికండీ?"

"అడిగితే చెప్పరండి. జూన్‌లో చెప్తానంటారు."

హెన్రీ చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టారు. హెడ్డుగారు ఈసారి గీత కొట్టలేదు, చాలాసేపు రాసుకున్నారు. లేచి, "మజ్జిగ చాలా బాగుందండి" అని వెళ్ళిపోయారు. ఆ సాయంత్రం కైసా ఎప్పట్లాగే నా పక్కన మెట్ల మీద కూర్చుంది. నేను పేపర్లు దిద్దాలని లోపలికి వెళ్ళాను. సెలవుల్లో దిద్దడానికి పేపర్లేవీ లేవు.

జూన్ మొదటి వారంలో మా ఊరి వంతు వచ్చింది. చిట్టిబాబు ఫోన్ చేస్తే పరుగున వెళ్ళాను. ఊరంతా గట్టు మీదే ఉంది. పెద్ద పెద్ద మిషన్లు వచ్చాయి. ఆఫీసర్ల చేతుల్లో వాళ్ళ పటాలున్నాయి, వాళ్ళ లెక్కలున్నాయి. ఎవరినీ ఏమీ అడగలేదు. మిషను తొట్టె ఒక్క దెబ్బ వేసేసరికి, నా చిన్నప్పుడు పేట జనమంతా తట్టలు మోసి పోసిన గట్టు విరిగి, చెరువులో నీళ్ళు బురద రంగులో బయటికి పోయాయి. చిట్టిబాబు తలగుడ్డ తీసి మొహం తుడుచుకున్నాడు. ఆడవాళ్ళు ఏడుస్తున్నారు. నేను కూడా ఏడ్చాను, ఏడుస్తూనే కైసా కర్రల కోసం వెతికాను.

అవి ఏ చెరువు దగ్గరా లేవు. పాత కాలువ నోట్లో మొదలై, మనిషెత్తు కిక్కిస గడ్డి మధ్యగా ఒకదాని తర్వాత ఒకటి దూరంగా పోతున్నాయి. ఆ చివర, ఎత్తుగా ఒక మట్టిదిబ్బ కనిపిస్తోంది.

చిట్టిబాబు నా పక్కకి వచ్చి అటే చూశాడు. "దారి తప్పకుండా పెట్టుకున్నట్టుందక్కా" అన్నాడు, నేల చూస్తూ.

"నువ్వే కదరా చెరువులన్నావు?"

"నేను కర్రలన్నాను. చెరువులని నేను అన్లేదు."

నిజమే, వాడు అనలేదు. ఆ మాట నేను కలిపి చెప్పాను.

నేను ఏలూరు తిరిగొచ్చేసరికి కాగితం వచ్చి ఉంది. వీసా పొడిగించలేదు, ఇరవయ్యో తేదీలోగా వెళ్ళిపోవాలి. కైసా ఆ కాగితం రెండుసార్లు చదివి మడత పెట్టింది. "ఇంకో ఏడాది ఉంటాననుకున్నాను" అంది. అంతే.

మర్నాడే హెన్రీని వెంటబెట్టుకుని వీసాలు చూసే పోలీసు ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి పెద్దాయన ఫైలు తిరగేశాడు. ఆవిడ కర్రలు పాతింది దోనె దారికని, నేనే తప్పుగా అనుకున్నానని, ఎంత నిదానంగా చెప్పగలనో అంత నిదానంగా చెప్పాను.

"అప్పుడు చెప్పిందీ మీరే, ఇప్పుడు చెప్తున్నదీ మీరే కదండీ మేడం" అన్నాడాయన. "ఏది నమ్మమంటారు? ఏడాదినించీ ఒకే ఇంట్లో ఉన్నారు, ఆ ముక్క ఆవిణ్ణే అడిగి ఉండాల్సిందండి."

పైకి రాసి చూస్తామన్నాడు. చూడరని ఆయన గొంతులోనే తెలిసింది. లేచి నాలుగడుగులు వేసి మళ్ళీ వెనక్కి వెళ్ళాను. "ఎవరు చెప్పారో ఆవిడకి తెలుస్తుందాండీ?"

"రిపోర్టు ఎవరికీ చూపించం లెండి."

నాకు ప్రాణం కుదుటపడింది. ఆ గదిలో నేను చేసిన పనులన్నింటిలోకీ ఆ కుదుటపడటం తలుచుకుంటేనే ఇప్పటికీ సిగ్గేస్తుంది. బయటికొచ్చాక హెన్రీ, "ఇంటికెళ్ళి చెప్పెయ్ ఎలిజబెత్, తిడితే తిడుతుంది" అన్నారు. చెప్తానన్నాను.

చెప్పలేదు. పొద్దున్న చెబుదామంటే ఆవిడ కాఫీ ఇస్తోందాయె. సాయంత్రం చెబుదామంటే పెట్టె సర్దుకుంటోంది. ఒక రోజు మెట్ల మీద తనే అడిగింది. "లీసా, ఆ పోలీసాయన వచ్చినప్పుడు ఏమేం అడిగాడు?"

"మామూలు ప్రశ్నలే."

ఆవిడ తలూపి కాఫీ తాగింది. నేను కూడా తాగాను. తాగాలనిపించి కాదు, మానేస్తే అనుమానం వస్తుందని తాగాను.

పద్దెనిమిదో తేదీ ఆదివారం. ఏలూరు స్టేషనుకి బడి పిల్లలు చాలామంది వచ్చారు, పూలదండలు, ఏడుపులు. రైలు కనిపించాక కైసా వాళ్ళందరినీ వదిలించుకుని నా దగ్గరికి వచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుంది. ఆ గందరగోళంలో కూడా నాకు బాగా గుర్తుంది, తొందరేమీ లేనట్టు నిలబడింది.

"లీసా, నాకేమైనా చెప్పాలా?"

రైలు ఆగింది. కూలీలు తోసుకుంటున్నారు. నోటి దాకా వచ్చింది.

"నీళ్ళ సీసా పెట్టుకున్నావా?" అన్నాను.

ఆవిడ ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. "పెట్టుకున్నానండీ" అంది తెలుగులో. ఎక్కి, కిటికీ దగ్గర కూర్చుని, రైలు కదిలేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.

శుక్రవారం చిట్టిబాబు ఫోన్లోంచి అమ్మ మాట్లాడింది. "రేపు శనివారం పని పెట్టుకోకు. పొద్దున్నే రా" అని పెట్టేసింది. చెరువు పోయాక ఇంట్లో ఏం అవసరం పడిందో అనుకుంటూ వెళ్ళాను. ఏ అవసరమూ లేదు. గంగారత్నం దోనె రేవులో సిద్ధంగా ఉంది. అమ్మ కేరియర్, చాప అందులో పెట్టి, నన్నెక్కమని, గడకర్ర తనే అందుకుంది. గడ్డిలోకి వెళ్ళాక మబ్బు పట్టి చల్లబడింది. మట్టిదిబ్బ మీద ఒక చిన్న పందిరి వేసి ఉంది. నాలుగు గుంజలు, పైన తాటాకులు.

"ఇదేంటి?"

"కైసమ్మ వేసింది. నేనూ సాయం పట్టాను. ఇవాళ వాళ్ళ దేశంలో పండగట. స్నేహితుల్ని నీళ్ళ ఒడ్డుకి తీసుకెళ్తారట." అమ్మ చాప పరిచింది. "నువ్వు ఎప్పుడూ ఏదో ఒక పని మీదే ఉంటావట. ఒక్క రోజు నిన్ను తీసుకొచ్చి, ఏ పనీ ముట్టుకోనివ్వకుండా ఇక్కడ కూర్చోబెట్టాలట. ముందే చెప్తే నువ్వు రావని నా చేత ఒట్టు వేయించుకుంది."

పటంలో నా పేరు, ఆ తేదీ కళ్ళ ముందు మెదిలాయి. చాప మీద కూర్చున్నాను. ఏం చెయ్యాలో తెలియక కేరియర్ విప్పబోయాను.

"ఉంచు. నే తీస్తాను" అంది అమ్మ. గిన్నెలు ఒకటొకటే దించుతూ, నా వైపు చూడకుండా అంది, "పోలీసాయన ఇక్కడికి కూడా వచ్చాడు."

"ఎప్పుడు?"

"మీ ఇంటికొచ్చిన మూడో రోజు. కర్రలెందుకో మీ అమ్మాయిగారికి కూడా తెలీదంటండి, చెరువుల దగ్గరంటగా అన్నాడు. దోనె దారికి బాబూ, కావాలంటే చూపిస్తాను రమ్మన్నాను. ఎండగా ఉందన్నాడు."

అడిగాను, "కైసాకి చెప్పావా?"

"ఆ వారమే చెప్పాను. నాకొచ్చిన ముక్కలతో నేను చెప్పాను, ఆవిడకొచ్చిన ముక్కలతో ఆవిడ అర్థం చేసుకుంది. చాలాసేపు గడకర్ర వెయ్యలేదు."

మే నెల నుంచి అన్నమాట. అన్ని కాఫీలూ, అన్ని సాయంత్రాలూ తెలిసే కూర్చుంది నా పక్కన.

"మరి నాకెందుకు చెప్పలేదమ్మా? నన్నొక్క మాట తిట్టలేకపోయావా?"

"తిడదామనే బయల్దేరాను. ఆవిడే ఆపింది. లీసా తనే చెప్తుందండీ, చూద్దామండీ అంది." అమ్మ నా ముందు విస్తరాకు వేసింది. "మొన్న ఆదివారం రైల్లోంచి చిట్టిబాబుకి ఫోన్ చేసి నన్ను పిలిపించింది. చెప్పలేదండీ అంది. ఆ ఒక్క మాటే."

ఆకు మీద నీళ్ళు చల్లాలి. నా చెయ్యి లేవలేదు.

"అయినా శనివారం నిన్నిక్కడికి తీసుకురమ్మనే చెప్పింది" అంది అమ్మ, నా ఆకు మీద తనే నీళ్ళు చల్లి అన్నం వడ్డిస్తూ. "మాటిచ్చాను కాబట్టి తీసుకొచ్చాను. తిను."